పాత స్పోర్ట్స్ కారుకి టైర్లు మార్చాలా? రిమ్ములు కొనే ముందు ఇది చదవండి

పాత స్పోర్ట్స్ కారు చేతికొచ్చిన వారంలోపే చాలామంది పెద్ద రిమ్ముల కోసం వెతకడం మొదలుపెడతారు. ఫొటోలో నచ్చిన రిమ్ము కొనేస్తారు, తర్వాత దానికి ఏ టైరు పడుతుందో చూస్తారు, ఆ తర్వాత ఆ టైరు మడ్‌గార్డుకి రాసుకుంటోందని బాధపడతారు. మొదటిసారి నేనూ ఇదే వరసలో వెళ్లాను. అందుకే గట్టిగా చెబుతున్నా, ఈ వరస తిప్పేయండి. మీ కారు బరువుకి, మీరు నడిపే తీరుకి సరిపోయే మంచి టైరు ఏ సైజులో ఇంకా తయారవుతోందో ముందు చూడండి. రిమ్ము వెతకడం ఆ తర్వాతి పని.

ముప్ఫై నలభై ఏళ్ల కిందటి కారు విషయంలో ఇది మరీ ముఖ్యం. ఆ కార్లకి టైరు సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) కూడా సస్పెన్షన్‌లో ఒక భాగమే. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, బుష్షులు అన్నీ, ఆ ఎత్తైన సైడ్‌వాల్ కొంత వంగి కొంత కుదుపు మింగుతుందన్న లెక్కతోనే తయారయ్యాయి. అలాంటి కారుకి తీసుకెళ్లి 17 అంగుళాల రిమ్ము మీద పల్చటి టైరు వేస్తే నున్నటి రోడ్డు మీద పట్టు కొంచెం పెరుగుతుంది, కానీ గతుకుల మలుపులో టైరు ఎగిరెగిరి పడుతుంది, పట్టు వదిలేటప్పుడు ముందుగా చెప్పదు. పాత కారులో ఉండే హాయంతా ఆ 'ముందుగా చెప్పడం'లోనే ఉంది, దాన్ని పోగొట్టుకోకండి.

ముందు అసలు సైజు తెలుసుకోండి

ఇప్పుడు కారుకి ఉన్న టైరు మీద రాసిందే అసలు సైజనుకోవద్దు. ఇన్నేళ్లలో నలుగురైదుగురు ఓనర్లు మారి ఉంటారు, ఒక్కొక్కరు ఒక్కో సెట్టు వేసి ఉంటారు. డ్రైవరు వైపు తలుపు తీస్తే ఫ్రేము మీద కనిపించే స్టిక్కరు, లేదంటే కారుతో వచ్చిన మాన్యువల్, ఈ రెండింట్లో ఉన్నదే నమ్మండి. టైరు సైజు, పెట్టాల్సిన గాలి, దొరికితే రిమ్ము వెడల్పు కూడా రాసిపెట్టుకోండి.

ఉదాహరణకి 1989లో వచ్చిన మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5 తీసుకుందాం, కింద లెక్కలన్నీ దాని మీదే చేస్తాను. అసలు టైరు 185/60 ఆర్14. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 60 అంటే సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, ఆర్ అంటే రేడియల్, 14 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ (అదేంటో కింద చెబుతాను) 45 మి.మీ., నాలుగు బోల్టులు 100 మి.మీ. వృత్తం మీద.

మీది ఇంకా పాతదై, 60లు 70ల నాటిదైతే సైజు '165 హెచ్ఆర్ 13' లాగా ఉండొచ్చు, మధ్యలో శాతం అంకె ఉండదు. అంకె లేదంటే సైడ్‌వాల్ వెడల్పులో సుమారు 80 నుంచి 82 శాతం అని అర్థం. ఇది తెలియక 165 అన్న అంకె చూసి 165/65 ఆర్13 వేసేవాళ్లు ఉన్నారు. వ్యాసంలో దాదాపు 5 సెం.మీ. తగ్గిపోతుంది, కారు నేలకి దిగిపోతుంది, గేర్లు పొట్టివైపోతాయి (అదే వేగానికి ఇంజను ఎక్కువ తిరగాలి), స్పీడోమీటరు అబద్ధం చెబుతుంది. అసలు ఎత్తుకి దగ్గరగా వచ్చేది 185/70 ఆర్13, రిమ్ము వెడల్పు, మడ్‌గార్డు ఒప్పుకుంటే.

ఇంకో చోట అసలు తప్పు చేయకూడదు. రిమ్ము మీద గానీ టైరు మీద గానీ 390 లేదా 365 లాంటి మూడంకెల వ్యాసం కనిపిస్తే అది మిషెలిన్ టీఆర్ఎక్స్ రకం. 80ల నాటి కొన్ని బీఎండబ్ల్యూ, ఫెరారీ కార్లకి ఇవి వచ్చాయి. 390 మి.మీ. అంటే 15.35 అంగుళాలు, పైగా టైరు అంచు కూర్చునే గాడి ఆకారమే వేరు. మామూలు 15 అంగుళాల టైరు గానీ 16 అంగుళాల టైరు గానీ దాని మీద ఎక్కించే ప్రయత్నం చేయనే వద్దు. ఆ రకానికి తయారైన టైరే కొనాలి, లేదా రిమ్ములు పూర్తిగా మార్చాలి.

ముందు వెనక సైజులు వేరుగా ఉన్నాయేమో కూడా చూడండి. ఇంజను వెనక ఉన్న కార్లలో ఇది మామూలే. రెండో తరం టయోటా ఎంఆర్2 మొదట్లో ముందు 195/60 ఆర్14, వెనక 205/60 ఆర్14తో వచ్చింది. ఆ కారు వెనక భాగం ఉన్నట్టుండి జారుతుందన్న పేరు తెచ్చుకున్నాక టయోటా సస్పెన్షన్ సవరించి, 15 అంగుళాలకి వెళ్లి, ముందు 195/55, వెనక 225/50 పెట్టింది. ముందు వెనకల తేడా పెంచింది చూశారా? అలాంటి కారుకి నాలుగూ ఒకే సైజు వేసేసి అటూ ఇటూ మార్చుకోవచ్చులే అనుకోవడం ప్రమాదం.

ఉన్న టైర్ల వయసు చూడండి

సైడ్‌వాల్ మీద డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం. మూడంకెలే ఉంటే అది 2000కి ముందుది, గాడి ఎంత లోతున్నా సరే వెంటనే తీసేయండి. తక్కువగా తిరిగే కార్లలో టైరు అరగకముందే రబ్బరు గట్టిపడిపోతుంది, కంటికి కొత్తగానే కనిపిస్తుంది, వానలో బ్రేకు వేసినప్పుడు తెలుస్తుంది. ఐదేళ్లు దాటితే ఏటా పరీక్ష చేయించాలి, పదేళ్లు దాటితే ఎలా ఉన్నా మార్చాలి. స్పోర్ట్స్ కారుకి నేనైతే ఆరేడేళ్లకే మార్చేస్తాను. కొత్తవి కొనేటప్పుడు కూడా తేదీ చూసే బిగించమనండి. అరుదైన సైజులు దుకాణంలో ఏళ్ల తరబడి పడి ఉంటాయి.

ఏ రకం టైరు కావాలో తేల్చుకోండి

నిజాయితీగా ఆలోచించండి. ఆదివారం పొద్దున్నే ఘాట్ రోడ్డు ఎక్కి రావడమా, రోజూ ఆఫీసుకా, ఏడాదికి రెండుసార్లు ట్రాకుకా? వానలో తీస్తారా?

ట్రాకు కోసం చేసే మెత్తటి రబ్బరు టైర్ల మీద ట్రెడ్‌వేర్ అంకె (టైరు ఎంత కాలం అరగకుండా ఉంటుందో చెప్పేది) 200 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటుంది. మామూలు రోడ్డు స్పోర్ట్స్ టైర్లకి 300 దగ్గర మొదలై పైకి వెళుతుంది. ఈ అంకెని కంపెనీలు ఎవరికి వాళ్లే ఇచ్చుకుంటారు కాబట్టి ఒక కంపెనీ 200ని ఇంకో కంపెనీ 240తో పోల్చి తూకం వేయకండి, రకం గుర్తుపట్టడానికి మాత్రం పనికొస్తుంది. మెత్తటి టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టదు, నిలిచిన నీళ్లలో తేలిపోతుంది, తొందరగా అరిగిపోతుంది. టన్ను బరువు కూడా లేని కారు రోడ్డు మీద దాన్ని వేడెక్కించడం కూడా కష్టమే. ట్రాకుకి వెళ్లనివాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

70ల నాటి కార్లకి ఇంకో దారి ఉంది. మిషెలిన్ ఎక్స్‌డబ్ల్యూఎక్స్, పిరెల్లీ చింతురాటో సీఎన్36 లాంటి ఆనాటి నమూనాలు, అదే గీతలతో, పాత సైజుల్లో, మళ్లీ తయారవుతున్నాయి. ధర ఎక్కువే. కానీ కారు అసలు రిమ్ములతో ఉంటే నా ఓటు వీటికే, ఎందుకంటే ఆ సైడ్‌వాల్ గుండ్రటి భుజం, ఆ వంగుడు ఆ కారు కోసమే అన్నట్టుంటాయి, స్టీరింగులో తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది.

80లు 90ల కార్ల సంగతి వేరు. 13, 14 అంగుళాల్లో ఇప్పుడు దొరికే టైర్లలో ఎక్కువ భాగం చిన్న కుటుంబ కార్ల కోసం, మైలేజీ కోసం చేసినవి. గట్టి రబ్బరు, తక్కువ వేగం రేటింగు. వేగం అక్షరాలు గుర్తుంచుకోండి: టీ అంటే గంటకు 190 కి.మీ., హెచ్ 210, వీ 240, డబ్ల్యూ 270. మీ కారు మాన్యువల్‌లో వీ అని ఉండి, ఆ సైజులో టీ మాత్రమే దొరుకుతుంటే సర్దుకుపోకండి. ఒక అంగుళం పెద్ద రిమ్ముకి వెళ్లాల్సిన సమయం వచ్చిందని దానర్థం. పెద్ద రిమ్ముకి నేను ఒప్పుకునే అసలు కారణం ఇదొక్కటే. 14 నుంచి 15కి వెళ్లగానే 195/50, 205/50 సైజుల్లో మంచి స్పోర్ట్స్ టైర్లు తలుపు తీసినట్టు కనిపిస్తాయి. 16, 17కి వెళితే టైరు నాణ్యతలో పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు, బరువు మాత్రం పెరుగుతుంది. అది స్ప్రింగు కింద వేలాడే బరువు, గతుకు తగిలిన ప్రతిసారీ షాక్ అబ్జార్బరు దాన్ని ఆపాలి.

బరువు మోసే అంకె కూడా ఒకసారి చూడండి. 82 అంటే ఒక్కో టైరు 475 కిలోలు మోస్తుంది, 88 అంటే 560. మాన్యువల్‌లో ఉన్నదానికి తగ్గకూడదు.

వ్యాసం లెక్క వేయండి

కాగితం, క్యాలిక్యులేటరు చాలు. వెడల్పుని శాతంతో గుణిస్తే ఒక సైడ్‌వాల్ ఎత్తు, దాన్ని రెండింతలు చేసి రిమ్ము వ్యాసం కలపండి. అంగుళానికి 25.4 మి.మీ.

185/60 ఆర్14: సైడ్‌వాల్ 111 మి.మీ., రెండు కలిపి 222, రిమ్ము 355.6, మొత్తం 577.6.
195/50 ఆర్15: 195 + 381 = 576. తేడా అర శాతం కూడా లేదు.
205/50 ఆర్15: 205 + 381 = 586. ఒకటిన్నర శాతం ఎక్కువ.
205/45 ఆర్16: 184.5 + 406.4 = 590.9. 2.3 శాతం ఎక్కువ.
205/40 ఆర్17: 164 + 431.8 = 595.8. 3 శాతం దాటేసింది.

3 శాతం లోపు ఉంటే చాలని అందరూ అంటారు, నేను 1.5 దాటనివ్వను. టైరు పెద్దదైతే గేరు పొడవవుతుంది, వంద హార్సుపవరు చుట్టుపక్కల ఉండే పాత ఇంజనుకి ఆ కాస్త తేడా కూడా ఎక్కడం మీద తెలుస్తుంది. ఇంకోటి, టైరు 3 శాతం పెద్దదైతే మీటరు చూపించేదాని కంటే కారు 3 శాతం వేగంగా వెళుతుంది. స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపకూడదని ఐక్యరాజ్య సమితి 39వ వాహన నిబంధన చెబుతుంది, ఆ హద్దుకి దగ్గరగా పోవడం ఎందుకు? పై లెక్క చూశాక ఈ కారుకి నేను కొనేది 195/50 ఆర్15.

రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే, నెమ్మదిగా చదవండి.

ప్రతి టైరు సైజుకీ ఫలానా వెడల్పు నుంచి ఫలానా వెడల్పు వరకు అని కంపెనీ పట్టిక ఉంటుంది. 195/50 ఆర్15కి రిమ్ము 5.5 నుంచి 7 అంగుళాల వరకు, 205/50 ఆర్15కి 5.5 నుంచి 7.5 వరకు. ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరు వేస్తే సైడ్‌వాల్ ఉబ్బి, మలుపులో పక్కకి వాలుతుంది. వెడల్పు రిమ్ము మీద ఇరుకు టైరుని లాగి బిగిస్తే రిమ్ము అంచుకి కాపు ఉండదు, ఒక్క గుంతకే వంగుతుంది. మధ్యలో ఉండండి.

ఆఫ్‌సెట్ అంటే రిమ్ము వెడల్పుకి సరిగ్గా మధ్య గీత నుంచి, హబ్బుకి (కారు వైపు చక్రం బిగించే భాగానికి) ఆనే ముఖం ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె. రిమ్ము వెనక ఈటీ 45 అన్నట్టు పోతపోసి ఉంటుంది. అంకె పెరిగితే చక్రం లోపలికి, తగ్గితే బయటికి. లెక్క ఇలా: రిమ్ము వెడల్పులో సగానికి ఆఫ్‌సెట్ కలిపితే లోపలి అంచు దూరం, తీసేస్తే బయటి అంచు దూరం.

అసలు రిమ్ము 5.5 అంగుళాలు, ఈటీ 45. సగం 69.85 మి.మీ. లోపలికి 114.85, బయటికి 24.85.
కొత్తది 15×7, ఈటీ 35 అనుకోండి. సగం 88.9. లోపలికి 123.9, బయటికి 53.9.

అంటే లోపలికి 9 మి.మీ., బయటికి 29 మి.మీ. జరిగింది. ఇప్పుడు టార్చి లైటు పట్టుకుని చక్రం వెనక చేయి పెట్టి స్ట్రట్టుకి, బ్రేకు పైపుకి, పై ఆర్ముకి ఎంత సందు ఉందో కొలవండి. బయట మడ్‌గార్డు అంచు నుంచి తాడు వేలాడదీసి టైరుకి ఎంత దూరమో చూడండి. ఈ రెండు కొలతలు మీ దగ్గరుంటే ఏ రిమ్ము గురించైనా ఎవరినీ అడగక్కర్లేదు. అదే 15×6.5 ఈటీ 40 తీసుకుంటే లోపలికి దాదాపు 8, బయటికి దాదాపు 18 మాత్రమే. నేను దీనికే మొగ్గుతాను, కారణం చెబుతా.

చక్రాన్ని ఎంత బయటికి తోస్తే, స్టీరింగు తిరిగే ఇరుసు గీత నేలని తాకే చోటుకి, టైరు మధ్య భాగానికి అంత ఎడం పెరుగుతుంది. ఆ ఎడం పెరిగితే గతుకు తగిలినప్పుడల్లా స్టీరింగు చేతిలో గుంజుతుంది, బ్రేకు వేస్తే ఓ పక్కకి లాగుతుంది. పవర్ స్టీరింగు లేని కారైతే పార్కింగులో భుజాలు నొప్పిపుడతాయి. మడ్‌గార్డు అంచుదాకా చక్రం నిండుగా కనిపించడం అందంగానే ఉంటుంది, దాని ఖరీదు మాత్రం స్టీరింగు అనుభూతి.

మోడల్ పేరు ఒకటే కదా అని పడతాయనుకోవద్దు. పోర్షా 944 సంగతే చూడండి, 1987 మోడల్ నుంచి ముందు సస్పెన్షన్ మార్చారు, దాంతో ఆఫ్‌సెట్ దాదాపు 30 మి.మీ. పెరిగింది. బోల్టుల వృత్తం మాత్రం అదే 5×130. పాత రిమ్ములు కొత్త కారుకి బిగించుకోవచ్చు, కానీ బయటికి పొడుచుకొస్తాయి. కొత్తవి పాత కారుకి వేస్తే లోపలికి పోతాయి.

బోల్టులు, హబ్బు రంధ్రం, నట్లు

4×100 అంటే నాలుగు బోల్టులు 100 మి.మీ. వృత్తం మీద. పాత ఫియట్, ఆల్ఫాల్లో కొన్ని 4×98. రెండు మిల్లీమీటర్లే కదా అని బిగిస్తే బిగుస్తాయి కూడా, కానీ నట్టు సరిగ్గా కూర్చోదు, స్టడ్డు వంగి ఉంటుంది, నడుస్తుండగా వదులవుతుంది. ప్రాణం మీదికి వచ్చే పని ఇది.

మధ్య రంధ్రం హబ్బు కంటే పెద్దదైతే సరైన కొలత ఉంగరాలు పెట్టుకోవచ్చు, చిన్నదైతే ఆ రిమ్ము వదిలేయండి. ఎంఎక్స్-5 హబ్బు 54.1 మి.మీ. నట్టు కూర్చునే చోటు శంఖు ఆకారమా, గుండ్రనిదా చూడండి. హోండా కంపెనీ రిమ్ములకి గుండ్రని నట్లు, బయట దొరికే రిమ్ములకి సాధారణంగా శంఖు నట్లు. ఒకదాని నట్టు ఇంకోదానికి వాడకూడదు. నట్టు ఎక్కే చుట్లు కూడా లెక్కపెట్టండి, 12 మి.మీ. స్టడ్డుకి మర చుట్ల మధ్య దూరం 1.5 మి.మీ. అయితే కనీసం ఆరున్నర చుట్లు ఎక్కాలి.

వాడిన రిమ్ములైతే వెనక వైపు కడిగి, స్పోకు మొదళ్లలో, రంధ్రాల చుట్టూ పగుళ్లు వెతకండి. బ్యాలెన్సింగు మిషను మీద తిప్పించి వంకర ఉందేమో చూశాకే డబ్బులివ్వండి. తీగల చక్రాలు, అలాగే లోపలి అంచులో టైరు జారకుండా ఆపే గట్టు లేని పాత రిమ్ములు అయితే ట్యూబు తప్పనిసరి.

నాలుగూ బిగించే ముందు ఒక్కటి పెట్టి చూడండి

ఒకసారి నేను 15 అంగుళాల వాడిన సెట్టు కొన్నాను. బోల్టులు సరి, ఆఫ్‌సెట్ సరి, అమ్మినతను పడతాయన్నాడు. టైర్లు కూడా ఎక్కించి తెచ్చాక చూస్తే స్పోకు వెనక భాగం బ్రేకు క్యాలిపర్‌కి (డిస్కుని నొక్కి పట్టే భాగానికి) తగులుతోంది. స్పోకు వంపు ఏ అంకెలోనూ కనిపించదు. అప్పటినుంచి టైరు ఎక్కించకముందే ఖాళీ రిమ్ము ఒకటి ముందు హబ్బుకి పెట్టి చూస్తాను. క్యాలిపర్ మీద పిల్లలు ఆడుకునే మెత్తటి క్లే చిన్న ముద్ద అంటించి, రిమ్ము బిగించి చేత్తో ఓ చుట్టు తిప్పి తీస్తే ఎంత సందు మిగిలిందో ఆ ముద్దే చెబుతుంది. 3 మి.మీ. కంటే తక్కువైతే ఒప్పుకోను.

టైరు ఎక్కాక స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. తర్వాత కారు నేల మీద ఉండగానే వెనక ఇద్దర్ని కూర్చోబెట్టి లేదా డిక్కీలో బరువు పెట్టి మడ్‌గార్డు సందు మళ్లీ చూడండి. రెండు సీట్ల కారైతే డిక్కీయే గతి. కారుని కిందికి దించి ఉంటే ఈ పరీక్ష అస్సలు మానొద్దు.

బిగించాక

నట్లు ఎదురెదురుగా, టార్క్ రెంచితో, మాన్యువల్‌లో ఉన్న బిగువుకే. ఎయిర్ గన్‌తో ఒకేసారి బిగించేస్తామంటే వద్దనండి. 50 నుంచి 100 కి.మీ. తిరిగాక మళ్లీ రెంచి పెట్టి చూడాలి.

స్టిక్కరు మీద ఉన్న గాలి అసలు సైజుకి రాసింది. దాంతోనే మొదలుపెట్టి, రెండు వారాలు నడిపి, ట్రెడ్ మీద సుద్దతో అడ్డగీతలు గీసి కొంచెం దూరం నిటారుగా వెళ్లిరండి. మధ్యలో సుద్ద ముందు పోతే గాలి ఎక్కువ, అంచుల్లో పోతే తక్కువ. ఒకటి రెండు పీఎస్ఐల చొప్పున సరిచేసుకుంటూ రండి, ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే. అలైన్‌మెంటు కొత్త చక్రాలతోనే చేయించండి, పాత లెక్క చెల్లదు. మొదటి వంద, నూటయాభై కి.మీ. నెమ్మదిగా నడపండి, కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది.

చివరగా డిక్కీ తెరిచి స్టెప్నీ బయటికి తీయండి. చాలా పాత కార్లలో అది కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి టైరే అయి ఉంటుంది, దాని తేదీ చూసి మార్చేయండి. స్టెప్నీ ఇనుప రిమ్మై, మీ కొత్త అల్లాయ్ నట్లు దానికి సరిపోకపోతే, పాత నట్లు నాలుగు ఒక సంచిలో కట్టి స్టెప్నీ పక్కనే పెట్టుకోండి.